రెండో కాపు

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మా ఊరి మేకలకు కూడా తెలుసు. నిప్పుకోడి మీదెక్కి ఉప్పుకొలను దాటానని చెప్పాను. మా తాత తుమ్మితే గానుగరాయి ఒక చుట్టు తిరిగేదని చెప్పాను. పంటినొప్పితో మూలుగుతున్న సింహానికి ఆలివు నూనె పుక్కిలించమని వైద్యం చెప్పి పంపానని చెప్పాను. తగ్గిందని కబురైనా పెట్టలేదు, విశ్వాసం లేని జంతువు. వానల ఏడూ, దాని మరుసటి ఏడూ మా చెట్లు వరసగా రెండు నిండు కాపులు కాశాయని కూడా చెబుతుండేవాణ్ణి. రెండోసారి నూనె పట్టడానికి జాడీలు చాలక వీధంతా పారిందనీ, గాడిదలు అందులో ఈదుకుంటూ ఇళ్ళు చేరాయనీ దానికో తోక తగిలించేవాణ్ణి. గాడిదల సంగతి వదిలేస్తే అది నిజం. ఏం చేస్తాం, నా నోట్లో పడ్డాక నిజానికి కూడా పరువు మిగలదు.

ఆ నిజం మా ఇంటి మీదికి ఏం తెచ్చిందో రాద్దామని కూర్చున్నాను. అప్పటికి కార్తేజులో ఇంకా రోము చక్రవర్తి మనుషులే ఉన్నారు. ఈ పొడుగుజుట్టు వాండల్ దొరలు సముద్రం దాటి రాలేదు.

మా ఊరు మాగ దివాణంలోది. దొర కార్తేజులో ఉంటాడు. ఆయన్ని నేనూ చూడలేదు, ఆయన చెట్లూ చూడలేదు. మా మీద పెత్తనమంతా గుత్తదారు ఫ్లోరుది. పంటలో మూడో పాలు ఆయనకి, మిగిలింది మాకు. మేం బానిసలమా అంటే కాదు. బానిసనైతే సంతలో నిలబెట్టి అమ్ముతారు. మమ్మల్ని అలా అమ్మడానికి వీల్లేదు. నేలను అమ్మితే మాత్రం చెట్లతోపాటు, బావితోపాటు మేమూ కొన్నవాడికి వెళ్తాం. దాన్నే గౌరవం అనుకుని బతికేవాళ్ళం. పుట్టిన నేల వదిలి పోకూడదు. పోతే వెతికి పట్టుకొస్తారు. మగవాడు ముప్పై ఏళ్ళు, ఆడది ఇరవై ఏళ్ళు దొరక్కుండా ఉంటే పాత దివాణానికి ఇక హక్కు ఉండదని చట్టం. మా బిషప్పు క్రెస్కెను అది చదివి వినిపించాడు. బిషప్పంటే ఏదో అనుకోకండి. ఉదయం ప్రార్థన చెప్పి, మధ్యాహ్నం మాతోపాటే గానుగ తిప్పేవాడు. నాకు నాలుగక్షరాలు నేర్పింది కూడా ఆయనే, కాబట్టి ఈ రాతలో తప్పులుంటే ఆయన్నడగండి.

నా పెళ్ళాం సిద్దినా అలా పోయి వచ్చిన మనిషే. ఉత్తరాన నాలుగు రోజుల నడక దూరంలో గోధుమ నేలల దివాణం ఒకటుంది, అక్కడ పుట్టింది. ఒక నిండు కాపు ఏడు, కూలిజనంతో కలిసి ఆలివులు రాల్చడానికి కర్ర పట్టుకుని వచ్చి, ఆలివులతోపాటు నన్నూ రాల్చుకుంది. కూలిజనం తిరిగి వెళ్ళిపోయారు, తను వెళ్ళలేదు. ఆనాటినుంచి పొలిమేర దాటింది లేదు. సంతకు పోలేదు. కొత్తమనిషి ఊళ్ళోకి వస్తే గానుగశాల వెనక్కి వెళ్ళి కూర్చునేది. ముగ్గురు పిల్లలు పుట్టారు. పెద్దది మొన్నా, తర్వాత రొగాతు, కడగొట్టువాడు బరికు.

ఆలివు చెట్టు ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటి ఏడు పడుకుంటుంది. పడుకున్న ఏడాదిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే మా ఊళ్ళో ఏళ్ళని నిండు కాపులతో లెక్కపెడతాం. "పిల్లాడికెన్ని?" అంటే "మూడు కాపులు" అంటాం. అంటే ఆరేళ్ళు. తాతలనాటి లెక్క అది. కాపుకి రెండేళ్ళు, అంతే. ఎవరూ తిరగేసి చూడరు.

ఈ కథ జరిగిన ఏడు చెట్లమీద కొమ్మలు వంగి నేల నాకుతున్నాయి. వేళ్ళకి మేకకొమ్ము తొడుగులు పెట్టుకుని సిద్దినా మొదటి కొమ్మ దువ్వింది. కాయలు చాపమీద వడగళ్ళలా పడ్డాయి.

"ఏవయ్యా, నేనొచ్చాక ఇది పదోది కదూ?" అంది.

"పదోదే."

"అంటే ఇరవై."

"ఇరవయ్యే. ఇక నువ్వెవరి సొత్తూ కావు."

"నీ సొత్తు కూడా కాదా?"

"అది వేరే చట్టం. దానికి ముప్పై ఏళ్ళు."

కొమ్ము తొడిగిన వేలితో నా నెత్తిమీద ఒక్కటిచ్చింది. చెట్టుమీద నవ్వుతూనే ఉంది, సాయంత్రం దాకా.

ఆ వారం సంతకు వెళ్ళాం. పెళ్ళయ్యాక మొదటిసారి నా పెళ్ళాం నా పక్కన నడిచింది, పట్టపగలు, నెత్తిన ఎర్ర శాలువాతో. మట్టికుండలు చూసినా ఆశ్చర్యమే, అత్తిపళ్ళ దండలు చూసినా ఆశ్చర్యమే. నేను తాళ్ళు అమ్మేవాడి దగ్గర ఆగాను. వాడు "మీ దిక్కు కాపెలా ఉంది మామా?" అన్నాడు. ఇక నన్నాపేదెవరు? "ఇదేం కాపురా, వానల ఏడు చూడాల్సింది. వరసగా రెండు!" అని మొదలుపెట్టాను. జనం పోగయ్యారు. గాడిదలు ఈదడం మొదలయ్యేసరికి యాభైమంది ఉంటారు.

అదే సమయంలో, ఇరవై అడుగుల దూరంలో, ఉన్ని అమ్ముకునే ఒక ముసలామె సిద్దినాని గుర్తుపట్టింది. గోధుమ దివాణం మనిషే. ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారు. "మాగలో ఉన్నానత్తా. దాక్కునేదేం లేదిక, ఇరవై నిండాయి. అమ్మకి చెప్పు, అందరికీ చెప్పు" అందట మా ఆవిడ. గట్టిగా చెప్పిందట, సంతంతా వినేటట్టు.

తిరుగుదారిలో మొన్నా నా పక్కన నడుస్తోంది. పదిహేనేళ్ళ పిల్ల. నా పోలిక కాదు, మాట తూచి మాట్లాడుతుంది.

"నాన్నా, ఆ రెండో కాపు అబద్ధమేగా?"

"నువ్వు కూడానా? నిజమేనే తల్లీ. నువ్వప్పటికి పాలు తాగే పిల్లవి. నిన్ను జాడీకి ఆనించి కూచోబెట్టి నూనె ఎత్తాం."

"వరసగా రెండంటే, మధ్యలో పడుకున్న ఏడు లేనట్టేగా."

"అదేగా వింత!"

"మరి అమ్మ లెక్కలో దానికి రెండేళ్ళు వేశామా?"

నేను నడక ఆపాను. ముందు పోతున్న సిద్దినా కూడా ఆగింది. వెనక్కి తిరగలేదు. వేళ్ళు మడుస్తోందని భుజం కదలికను బట్టి తెలిసింది. రెండుసార్లు మడిచింది. తర్వాత ఎర్ర శాలువా తీసి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

పంతొమ్మిది.

ఎన్నిసార్లు చెప్పాను ఆ కథ! చెప్పిన ప్రతిసారీ గాడిదల్ని లెక్కపెట్టుకున్నాను గాని ఏళ్ళని లెక్కపెట్టుకోలేదు.

ఆ తర్వాత పన్నెండు రోజులు మేం చెట్లకేసి చూసింది తక్కువ, దారికేసి చూసింది ఎక్కువ. "పోదామా?" అంది ఒకరోజు. "ఎక్కడికి?" అన్నాను. "ఎక్కడికో." "ఎక్కడికి పోయినా నాకు ముప్పై ఏళ్ళు పడుతుందే. అప్పటికి నాకు డెబ్బై దాటుతాయి, నన్నెవడు వెతుకుతాడు?" అన్నాను. నవ్వలేదు. దూరంగా దుమ్ము లేస్తే చాలు, నిచ్చెన మీదున్న మనిషి చెయ్యి ఆగిపోయేది. గాలి దుమ్మైతే మళ్ళీ కదిలేది. చిన్నవాడు బరికు మాత్రం రోజూ అడిగేవాడు, "అమ్మ ఎందుకు పాడట్లేదు?" అని.

పదమూడో రోజు దుమ్ము గాలిది కాదు. కంచరగాడిద మీద ఒక మనిషి, దాని వెనక నడుస్తూ ఇంకొకడు. కూర్చున్నవాడు గోధుమ దివాణం పెత్తందారు సెవెరు. నడుస్తున్నవాడు మా చెట్టుకిందికి వచ్చి తల పైకెత్తాడు. ఒంట్లో ఎముకలు తప్ప ఏం లేవు.

"దిగవే," అన్నాడు.

"అన్నా!" అంది సిద్దినా.

నా బావమరిది మసూనని అదే మొదటిసారి చూడడం.

"అన్నా లేదు, గిన్నా లేదు. నిన్ను గుర్తుపట్టడానికి తీసుకొచ్చారు, గుర్తుపట్టాను. నువ్వు పోయాక నీ వంతు వెట్టి ఎవరు చేశారనుకున్నావు? జాబితాలో నీ పేరు అట్లాగే ఉంది. పేరుంటే పనుంటుంది. నా పెళ్ళాం చేసింది. అది పోయాక నా కూతురు చేస్తోంది. నువ్విక్కడ సంతలకి తిరుగుతున్నావు, శాలువాలు కప్పుకుని."

సిద్దినా నిచ్చెన దిగింది. వేళ్ళకున్న కొమ్ములు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టింది. "అన్నానికి ఉంటావా?" అని అడిగింది అన్నని. వాడు మొహం తిప్పుకున్నాడు.

పంచాయితీ గానుగశాలలో జరిగింది. గుత్తదారు ఫ్లోరు పీటమీద, పక్కన బిషప్పు, ఎదురుగా సెవెరు. ఊరు ఊరంతా గోడలకు ఆనుకుని నిలబడింది.

సెవెరు మెత్తగా మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళంటే నాకు మొదట్నుంచీ భయం. "మా మనిషిని మేం తీసుకుపోతాం. చట్టం ప్రకారం పిల్లల్లో మూడో వంతు కూడా మాదే. ముగ్గురున్నారు కాబట్టి లెక్కకి ఇబ్బంది లేదు. ఒకరు. కాపురం విడదీయడమెందుకు అనుకుంటే, ఈమెకి బదులు ఇంకో ఆడమనిషినివ్వండి, మాకభ్యంతరం లేదు. పిల్లల్లో ఒకరు మాత్రం ఎలాగూ రావాల్సిందే" అన్నాడు.

ఫ్లోరు కళ్ళు గోడవెంట ఆడవాళ్ళ మీదుగా నడిచాయి. ఎవరి మీదికొస్తే వాళ్ళు తల దించుకున్నారు. నిన్నటిదాకా సిద్దినాతో కలిసి కాయలేరినవాళ్ళే. వాళ్ళని తప్పుపట్టను.

ముసలి మత్తా మాత్రం ముందుకొచ్చింది. "నన్ను పంపండయ్యా. మూడే పళ్ళు, తిండి కలిసొస్తుంది."

జనం నవ్వారు. సెవెరు కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి వెళ్ళి మొన్నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి, కాయలు కాచిన చోట బొటనవేలితో నొక్కి చూశాడు. నవ్వులు ఆగిపోయాయి.

"నా బదులు ఎవరూ వద్దు," అంది సిద్దినా. "రావాలంటే నేనొస్తా. దాని చెయ్యి వదులు."

"ఆగమ్మా," అన్నాడు ఫ్లోరు. ఆయనకి కాపు సగం చెట్లమీదే ఉంది. ఒక్క జత చేతులు పోయినా నష్టమే. "అయ్యా సెవెరూ, ఈమె వచ్చి పది కాపులు. అంటే ఇరవై ఏళ్ళు. మీ హక్కు తీరిపోయింది. కాదంటే మీ జాబితా తీసి చూపించండి, ఏ ఏడు పోయిందో."

సెవెరు దగ్గర జాబితా పలక ఉందిగాని అందులో ఆమె పోయిన ఏడు లేదు. మనిషి పారిపోయిందని రాస్తే తన మెడకి చుట్టుకుంటుందని పాత పెత్తందారు అసలు రాయనేలేదట. అయినా ఆయన తొణకలేదు.

"చట్టం కాపుల్ని లెక్కపెట్టదు గుత్తదారుగారూ, ఏళ్ళని లెక్కపెడుతుంది. వానల ఏడు మీ చెట్లు వరసగా రెండు నిండు కాపులు కాశాయట. అప్పుడు పది కాపులంటే పంతొమ్మిదేళ్ళే. నేనంటున్న మాట కాదు. ఈమె మొగుడే సంతలో నిలబడి యాభైమందికి చెప్పాడు."

 నలభై దాటినవాళ్ళందరికీ తెలుసు అది నిజమని. అందరూ ఆ రెండేళ్ళూ కాయలు మోసినవాళ్ళే.

ముందుగా మత్తా అందుకుంది. "వీడి మాటా? వీడి మాట పట్టుకుని ఇంత దూరం వచ్చావా నాయనా? వీడు సింహానికి పంటివైద్యం చేశాడు!"

"నిప్పుకోడి మీద ఊరేగాడు!" అన్నారెవరో.

"వీడి తాత తుమ్ముతో గానుగ తిప్పేవాళ్ళంటయ్యా. ఆయన నాకు బాబాయి, జన్మలో తుమ్మలేదు!"

"పుట్టినప్పుడు వీడి మొదటి ఏడుపు కూడా అబద్ధమేనంటారు మా అమ్మావాళ్ళు!"

ఒకరి మీద ఒకరు పడి తిట్టారు నన్ను. ఎంత ప్రేమగా తిట్టారో! ఇంకోరోజైతే నేనూ ఆనందించేవాణ్ణి. నేను మొన్నా చేతికేసి చూస్తున్నాను. సెవెరు ఇంకా వదల్లేదు.

"సరే," అన్నాడాయన. "అబద్ధమని ఇతన్నే ప్రమాణం చేయమనండి. గ్రంథం మీద."

బిషప్పు క్రెస్కెను లేచాడు. ఆ రెండో ఏడు గానుగ తిప్పి తిప్పి భుజం కీలు జారినవాడు. ఇప్పటికీ కుడిచెయ్యి పైకెత్తలేడు. గ్రంథాన్ని ఎడంచేత్తో తెచ్చి నా ముందు పెట్టాడు. పెట్టి, నావైపు చూడకుండా, దూలాలకేసి చూశాడు.

"నంఫామో. వానల ఏడు తర్వాతి ఏడు మన చెట్లు నిండుగా కాశాయా?"

నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క వింత నిజం అది. అప్పుడు నా వయసు ఇరవై ఆరు, పాతిక జాడీలు నింపాను నా చేతులతో. చెయ్యి గ్రంథం మీద పెట్టాను. తోలు చల్లగా ఉంది.

"లేదు స్వామీ."

"మరి కాశాయని చెప్పావట."

"గాడిదలు ఈదాయని కూడా చెప్పాను స్వామీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సెవెరు మొన్నా చెయ్యి వదిలేశాడు. కానీ కూర్చోలేదు. వెనక్కి తిరిగి మసూనని పిలిచాడు. "ఇదంతా ఎందుకు, మనకి ఆలివుల గొడవ లేదు. మనం గోధుమ ఏటేటా కోస్తాం. చెప్పరా, మీ చెల్లి పోయాక ఎన్ని కోతలు కోశావు?"

వాడికి తెలుసు. చెల్లెలి వంతు కోత కూడా కోసినవాడికి తెలియకుండా ఉంటుందా? వాడు సిద్దినాని చూడలేదు, నన్ను చూడలేదు. సెవెరు నొక్కిన అరచేతిని మొన్నా పావడాకేసి రుద్దుకుంటోంది. దాన్నే చూస్తున్నాడు.

"ఇరవై," అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"ఇరవయ్యండయ్యా. ఎక్కువైతే కావచ్చుగాని తక్కువ కాదు."

సెవెరు వాణ్ణి చాలాసేపు చూశాడు. పలక సంచిలో పెట్టుకున్నాడు. "మంచిది. దారిలో మాట్లాడుకుందాం మనం" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

దొంగ ప్రమాణానికి నలభై రోజులు ఉపవాసం వేశాడు నాకు బిషప్పు. ఏ పాపానికో ఊళ్ళో చెప్పలేదు. తనూ నాతోపాటు నలభై రోజులూ ఉన్నాడు.

సిద్దినా చెంబుతో నీళ్ళు, నూనెలో ముంచిన రొట్టె తెచ్చి అన్నకిచ్చింది. ఈసారి తీసుకున్నాడు. నిలబడే తిన్నాడు.

"అమ్మ ఉందా?"

"ఉంది. కళ్ళు కనపడవు."

"కాపు దిగ్గానే వస్తాను అన్నా. అమ్మని చూసి, నాలుగు రోజులుండి..."

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఫ్లోరు. గుమ్మం దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"మా అమ్మ దగ్గరికయ్యా. ఇరవై నిండాయి కదా, ఇక నేనెవరి మనిషినీ కాదుగా."

ఆయన తడిచేతులు విదిలించాడు. మంచివాడే ఫ్లోరు, ఆ మాట కూడా కసిరి చెప్పలేదు. "ఎవరి మనిషీ కాకపోవడమేంటమ్మా? ఇరవై ఏళ్ళు ఇక్కడున్నావని ఇప్పుడేగా తేలింది. వాళ్ళ జాబితాలోంచి పోయావంటే మా జాబితాలోకి వచ్చినట్టు. నువ్వూ, నీ ముగ్గురు పిల్లలూ. అడక్కుండా పొలిమేర దాటావనుకో, నేను గుర్రాన్ని పంపాల్సొస్తుంది, బాగోదు. అడిగినా ఇప్పట్లో కుదరదులే. పొండి, వెలుగుండగా ఇంకో రెండు చెట్లు దులపండి."

సిద్దినా నాకేసి చూసింది. నేను నేలకేసి చూశాను. పంతొమ్మిదేళ్ళు ఈ మాట నాకు తెలియదా అంటే తెలుసు. మేమంతా అలాగే బతుకుతున్నాం కాబట్టి చెప్పాల్సిన సంగతనిపించలేదు.

అన్నని సాగనంపడానికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. మాగ పొలిమేర దగ్గర మోకాటి ఎత్తు రాయొకటుంది, దొర పేరు చెక్కి. సెవెరు కంచరగాడిద దాన్ని దాటింది, మసూన దాటాడు. సిద్దినా ఆగింది. కాలివేళ్ళు రాయికి తగిలాయి.

"గోధుమగాదె పక్క ఇంట్లోనే ఉంటున్నారా?" అని అడిగింది.

వాడు నడుస్తూ వెనక్కి తిరిగి చెప్పాడు. "అక్కడే. కప్పు మార్చాం."

"మేకలెన్ని?"

"మూడు. కుంటిది పోయింది."

"నీ కూతురి పేరేంటి?"

"నీ పేరే!"

ఆగితే సెవెరు ఊరుకోడు. వాడు వెనక్కి వెనక్కి నడుస్తూ జవాబులు చెబుతున్నాడు, గొంతు పెంచుకుంటూ. మా ఆవిడ అడుగుతోంది, గొంతు పెంచుకుంటూ. అమ్మ ఏం తింటోంది. రాత్రిళ్ళు నిద్రపడుతుందా. బార్లీగంజిలో ఇంకా ఉప్పెక్కువేనా. దారి గుట్ట ఎక్కేసరికి వాడు వేలెడంత కనిపిస్తున్నాడు.

"అన్నా! అమ్మకి నామీద కోపముందా?"

వాడు ఆగాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అరిచాడు. గాలి మావైపునుంచి వాడివైపు వీస్తోంది. వాడు ఇంకోసారి అరిచి, గుట్ట దిగి పోయాడు.

సిద్దినా నావైపు తిరిగింది. "ఏమన్నాడు? నీకు వినపడిందా?"

ఏం కష్టం? "లేదన్నాడే, రోజూ నిన్నే తలుచుకుంటుందన్నాడు" అంటే సరిపోయేది. నాకన్నా బాగా ఆ మాట చెప్పగలవాడు ఆఫ్రికా మొత్తంలో లేడు. దాని కళ్ళు కూడా అదే అడుగుతున్నాయి.

"వినపడలేదే," అన్నాను.

ఇద్దరం చెట్ల దగ్గరికి నడిచాం. వెలుగుండగానే రెండు దులిపాం.